అందరూ బాగున్నారు, నేను తప్ప

(విద్యార్థులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు హాజరైన సభలో ఒక కౌన్సెలర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం. సభికులు అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు చివర్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

సోషల్ మీడియాలో గొప్పలు చూపించుకోవడం విద్యార్థుల మనసు మీద ఎలా పనిచేస్తుందో మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఈ అంశం వినగానే మీలో చాలామంది విద్యార్థులు ఏమనుకుని ఉంటారో నాకు తెలుసు. ఫోను పక్కన పడేసి పుస్తకం పట్టుకోమని గంటసేపు చెప్పి పంపిస్తారని అనుకుని ఉంటారు. ఆ మాట చెప్పడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు, నేను అక్కర్లేదు. విద్యార్థుల ఎదురుగా కూర్చుని వాళ్ల బాధలు వినడం నా వృత్తి. అలా వింటూ వింటూ నాకు అర్థమైన ఒక విషయం మీ ముందు పెట్టాలని వచ్చాను.

ఎదుటివాళ్ల వైభవం చూసి కుంగిపోయే పిల్లల గురించి ఇప్పటికే చాలా చర్చ జరిగింది. జరగాలి కూడా. కానీ ఆ వైభవం చూపించే పిల్లల గురించి ఎవరూ ఆలోచించడం లేదు. వాళ్లకేం, హాయిగా ఉన్నారనుకుంటున్నాం. నేను చూసినంతలో అందరికంటే ఒంటరిగా మిగిలిపోతున్నది వాళ్లే. బాగున్నానని నలుగురికీ చాటుకున్న మనిషికి, బాగాలేనని చెప్పుకునే దారి మూసుకుపోతుంది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని గురించి చెబుతాను. ఆమె అనుమతి తీసుకున్నాను. ఆనవాళ్లు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. చదువు మీద శ్రద్ధ ఉన్న అమ్మాయిగా ఆమెకు స్నేహితుల్లో మంచి పేరు. అర్ధరాత్రి దాటాక తన బల్ల ఫోటో పెట్టేది. తెరిచిన పుస్తకం, పక్కన టేబుల్ ల్యాంపు, గంటలు లెక్కపెట్టే టైమర్, కింద "ఇంకా చాలా మిగిలింది" అని ఒక మాట. ఒకరోజు తన ఫోను తీసి నాకు ఆ ఫోటోల వెనక ఉన్న ఫోటోలు చూపించింది. ఒకే బల్లను వరుసగా ఎన్నోసార్లు తీసింది. మొదటి దాంట్లో మూలన మడతపెట్టని బట్టల కుప్ప కనిపిస్తోంది. తర్వాతి దాంట్లో కుప్ప లేదు. ఆ తర్వాత పుస్తకం మారింది, ఇంకా లావుపాటిది వచ్చింది. ఆ తర్వాత పేజీ మీద పసుపు రంగు గీతలు వచ్చాయి. ల్యాంపు కాస్త ఇటు జరిగింది, టైమరు మీద అంకె మారింది. చివరికి నచ్చినది పెట్టింది.

ఆ రాత్రి ఆ పేజీ చదివావా అని అడిగాను. లేదంది. ఫోటో పెట్టాక ఎవరెవరు చూశారో చూసుకుంటూ పడుకుందట. "నిన్ను చూస్తే నాకు సిగ్గేస్తోంది, నేను ఏమీ చదవడం లేదు" అని ఒక స్నేహితురాలు రాసిందట. ఆ మాట చదివి మొదట సంతోషం వేసిందని, కాసేపటికి ఏడుపొచ్చిందని చెప్పింది. అప్పటికే ఆమె రెండు సబ్జెక్టుల్లో తప్పింది. ఇంట్లో తెలియదు, స్నేహితులకు తెలియదు. ఎవరికైనా ఎందుకు చెప్పలేదని అడిగితే ఆమె అన్న మాట ఇది: "రోజూ అంత చదువుతున్నట్టు చూపించి, ఇప్పుడు తప్పానని ఏ ముఖంతో చెప్పను?"

ఇక్కడ ఎవరు ఎవరిని మోసం చేశారు? ఆ ఫోటో చూసిన స్నేహితురాలు తానే వెనకబడ్డానని కుమిలిపోయింది. పెట్టిన అమ్మాయి తన ఫోటో ముందు తానే ఓడిపోయింది. ఇద్దరూ చదవలేదు, ఇద్దరికీ భయంగా ఉంది, ఇద్దరి భయమూ ఒకటే. ఆ రాత్రి ఒక్క ఫోన్ కాల్ చేసుకుని "నాకేమీ అర్థం కావడం లేదు" అని ఒకరు అని ఉంటే, రెండోవారు "నాకూ అంతే" అని ఉండేవారు. ఆ ఫోటో వాళ్లిద్దరి మధ్య అడ్డు నిలబడింది.

ఇప్పుడు దీని వెనక ఉన్న మనస్తత్వం చూద్దాం. 1954లో లియాన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త సామాజిక పోలిక గురించి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. తన శక్తి ఎంతో తేల్చుకోవడానికి బయట సరైన కొలమానం దొరకనప్పుడు మనిషి తోటివారితో పోల్చుకుంటాడని ఆయన అన్నారు. ఆ పోలిక కూడా ఎక్కడో ఉన్నవారితో పెట్టుకోడు, తనకు దగ్గరగా, తనలాగే ఉన్నవారితో పెట్టుకుంటాడు. కోటీశ్వరుడి మేడ చూసి మనకు నిద్ర పట్టకుండా పోదు. పక్క బెంచీలో కూర్చునే వాడి కొత్త బైకు చూస్తే పట్టదు.

విద్యార్థి దశలో ఇది మరీ ఎక్కువ. ఎందుకో ఆలోచించండి. ఉద్యోగం చేసేవాడికి తన జీతం తెలుసు, తన పని తెలుసు. మీకు ఇంకా ఏదీ తేలలేదు. ఏమవుతారో తెలియదు, తెలివైనవారో కాదో తెలియదు, ఎవరైనా ఇష్టపడతారో లేదో తెలియదు. ఇన్ని తెలియనివాటి మధ్య చేతికి దొరికే కొలబద్ద తోటి విద్యార్థి ఒక్కడే. ఆ కొలబద్దను ఎదుటివాళ్లే తమకు కావలసినట్టు సాగదీసి మీ చేతికిస్తే మీ లెక్క ఎలా సరిపోతుంది?

పోనీ, ఎవరూ అబద్ధం చెప్పడం లేదనుకుందాం. ప్రతి ఫోటో నిజమే అనుకుందాం. అయినా లెక్క తప్పుతుంది. మీరు 300 మందిని ఫాలో అవుతున్నారనుకోండి. ఒక్కొక్కరికి నెలలో ఒకే ఒక్క గొప్ప రోజు వచ్చిందనుకోండి. ఒకరు విహారయాత్రకు వెళ్లారు, ఒకరికి బహుమతి వచ్చింది, ఒకరికి ప్రేమ ఫలించింది, ఒకరికి పెద్ద కాలేజీలో సీటు వచ్చింది. మిగిలిన 29 రోజులూ వాళ్లు మీలాగే విసుగ్గా, నిద్రమత్తుగా, దిగులుగా గడిపారు. వాటి ఫోటో ఎవరూ పెట్టరు. మీ ఫోనులో మాత్రం రోజుకు పది గొప్ప రోజులు కనిపిస్తాయి, ఏడాది పొడవునా. లోకమంతా పండుగ చేసుకుంటోంది, నేనొక్కడినే గదిలో ఉన్నాను అనిపిస్తుంది. అందులో ఎవరి తప్పూ లేదు, మీ తెలివితక్కువతనమూ లేదు. లెక్కే అలా ఉంది.

ఇలాంటిదే ఇంకో లెక్క ఉంది. 1991లో స్కాట్ ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక విచిత్రాన్ని నిరూపించారు. చాలామందికి తమకున్న స్నేహితుల కంటే, తమ స్నేహితులకున్న స్నేహితులు సగటున ఎక్కువ. వంద మంది స్నేహితులున్నవాడు వంద మంది జాబితాల్లో కనిపిస్తాడు. ఇద్దరే స్నేహితులున్నవాడు రెండు జాబితాల్లోనే కనిపిస్తాడు. కాబట్టి ఎవరు చూసినా, ఎక్కువ పరపతి ఉన్నవాళ్లే ఎక్కువగా కళ్లబడతారు. "అందరికీ నాకంటే ఎక్కువ స్నేహితులున్నారు" అని బాధపడే ప్రతి ఒక్కరూ ఈ మాట గుర్తుంచుకోండి. ఆ జాబితాలు కట్టిన తీరే అది.

ఇది ఊహ కాదనడానికి ఒక మంచి ఆధారం ఉంది. ఫేస్‌బుక్ 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో, అక్కడి విద్యార్థుల కోసమే మొదలైంది. తర్వాత ఒక్కో కాలేజీకి విస్తరించి, 2006 సెప్టెంబరులో అందరికీ తెరుచుకుంది. అంటే కొన్నాళ్లపాటు కొన్ని కాలేజీల్లో అది ఉంది, కొన్నిట్లో లేదు. పరిశోధకులకు ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. బ్రగియెరి, లెవీ, మకరిన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ కాలంలో కాలేజీ విద్యార్థుల ఆరోగ్యంపై జరిగిన సర్వేలను తీసుకుని, ఫేస్‌బుక్ వచ్చిన చోటును ఇంకా రాని చోటుతో పోల్చారు. వచ్చిన చోట విద్యార్థుల మానసిక ఆరోగ్యం దెబ్బతింది, ముఖ్యంగా కుంగుబాటు పెరిగింది. మనసు బాగాలేక చదువు దెబ్బతింటోందని చెప్పినవారూ పెరిగారు. 2022లో ప్రచురించిన ఆ పరిశోధనలో వారు చూపిన ప్రధాన కారణం, తోటివారితో పోల్చుకుని తక్కువగా అనుకోవడం. అప్పటికి లైక్ బటన్ కూడా లేదని గమనించండి. అది 2009లో వచ్చింది. రీళ్లు లేవు, స్టోరీలు లేవు, జేబులో స్మార్ట్‌ఫోన్ లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని తోటి విద్యార్థుల ఫోటోలు చూడటమే చాలింది.

మరో పరిశోధన నాకు ఇంకా ఇష్టం. అలెగ్జాండర్ జోర్డాన్, ఆయన సహ పరిశోధకులు 2011లో ప్రచురించారు. గత కొద్ది రోజుల్లో మీకు ఎదురైన చేదు అనుభవాలు ఏమిటని విద్యార్థులను అడిగారు. మీ తోటివారికి అలాంటివి ఎంతగా ఎదురై ఉంటాయని కూడా అడిగారు. విద్యార్థులు సగటున తోటివారి బాధను తక్కువగా అంచనా వేశారు. మనిషి నవ్వు నలుగురిలో నవ్వుతాడు, ఏడుపు తలుపు వేసుకుని ఏడుస్తాడు. అందుకే ఒకరి ఏడుపు ఒకరికి తెలియదు. తోటివారి కష్టాన్ని ఎంత తక్కువగా ఊహించుకున్నవారు అంత ఎక్కువ ఒంటరితనం అనుభవిస్తున్నట్టు కూడా తేలింది. దీని అర్థం ఏమిటంటే, మిమ్మల్ని ఒంటరిని చేసేది మీ కష్టం కాదు. అది మీకొక్కరికే ఉందన్న నమ్మకం.

ఇక్కడి నుంచి విషయం మలుపు తిరుగుతుంది. ఇలా చిన్నబోయిన మనిషి ఏం చేస్తాడు? ఊరుకోడు. తానూ ఒక ఫోటో పెడతాడు. 2013లో హన్నా క్రాస్నోవా, మరికొందరు జర్మనీ పరిశోధకులు ఫేస్‌బుక్ వాడేవారిలో అసూయ గురించి పరిశీలించారు. అక్కడ గడిపాక మూడింట ఒక వంతు మందికి పైగా చికాకు, నిరాశ, ఒంటరితనం లాంటివే మిగిలాయని చెప్పారు. ఎక్కువగా అసూయ పుట్టించినవి విహారయాత్రలు, సరదాలు. అసూయ పడినవారు దాన్ని పూడ్చుకోవడానికి తమ గొప్పలు ఇంకాస్త పెంచి చూపిస్తారని, అది చూసి ఇంకొకరు అసూయ పడతారని, ఇలా సుడిగుండంలా సాగుతుందని వారు అన్నారు. ఆ సుడిగుండంలో తిరిగేవాళ్లందరూ బాధితులే, అందరూ కారకులే. గొప్పలు చూపించేవాడు గర్విష్టి అని తేల్చేయడం మనకు అలవాటు. చాలాసార్లు వాడు గర్విష్టి కాదు, గాయపడినవాడు.

ఆ గాయం మీద లైకులు ఏం చేస్తాయో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ పరిశోధకులు 2016లో చూపించారు. 13 నుంచి 18 ఏళ్ల మధ్య వయసున్న 32 మందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, వాళ్లు స్వయంగా ఇచ్చిన ఫోటోలతో పాటు ఇతరుల ఫోటోలూ చూపించారు. పక్కన లైకుల సంఖ్య కనిపిస్తుంది. నిజానికి ఆ సంఖ్యలు పరిశోధకులే ఇచ్చారు. తమ ఫోటోకు ఎక్కువ లైకులు కనిపించినప్పుడు, మెదడులో బహుమతి దొరికినప్పుడు చురుగ్గా మారే భాగం చురుగ్గా మారింది. ఎక్కువ లైకులు ఉన్న ఫోటోలకే వీళ్లూ ఎక్కువగా లైకు కొట్టారు. ఒకే ఫోటో, అంకె మారితే అభిప్రాయం మారిపోయింది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది అరగంటలో తగినన్ని లైకులు రాకపోతే పోస్టు తీసేస్తారు. తీసేసేది ఫోటోనే, కానీ "నేను ఎవరికీ అక్కర్లేదు" అన్న భావన లోపల ఉండిపోతుంది.

ఆనందం కోసం వెళ్లిన చోట కూడా ఆనందం దక్కకుండా పోతుంది. బరాష్, జాబర్‌మన్, డీల్ అనే ముగ్గురు 2018లో ప్రచురించిన ప్రయోగాలు ఉన్నాయి. జ్ఞాపకం కోసం ఫోటో తీసుకున్నవారి కంటే, నలుగురికీ చూపించడానికి తీసినవారు ఆ అనుభవాన్ని తక్కువగా ఆస్వాదించారు. నేను ఎలా కనిపిస్తున్నానో అన్న ధ్యాసే కారణం. మీరు స్నేహితులతో విహారయాత్రకు వెళ్లి, సాయంత్రమంతా ఏ ఫోటో పెట్టాలో తేల్చుకోవడంలో గడిపి ఉంటే, ఈ ప్రయోగం మీకు కొత్తగా ఏమీ చెప్పదు.

చదువు విషయంలో ఇంకొక నష్టం ఉంది. దీన్ని పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారు ప్రత్యేకంగా వినాలి. పీటర్ గోల్విట్జర్ బృందం 2009లో చేసిన ప్రయోగాల్లో న్యాయశాస్త్ర విద్యార్థులు ఉన్నారు. గొప్ప న్యాయ నిపుణులు కావాలన్న పట్టుదల ఉన్నవారు వాళ్లు. తమ సంకల్పాన్ని ఇంకొకరు గుర్తించినవారు, గుర్తించనివారి కంటే తర్వాత ఇచ్చిన పనిలో తక్కువ సేపు శ్రమించారు. నలుగురూ గుర్తించగానే, గమ్యానికి కాస్త దగ్గరైనట్టు మనసు తృప్తి పడిపోతుంది. నేను ఇందాక చెప్పిన అమ్మాయి బల్ల ఫోటో పెట్టి పడుకోవడం సోమరితనం కాదు. చదివితే దొరకాల్సిన మెప్పు చదవకుండానే దొరికింది.

శరీరం గురించి ఎక్కువ చెప్పను, దానికి వేరే సభ కావాలి. ఒక్క మాట. 2021లో ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగి ఫ్రాన్సిస్ హాగెన్ బయటపెట్టిన సంస్థ అంతర్గత పత్రాల్లో, తమ శరీరం గురించి ఇప్పటికే బాధపడుతున్న కౌమార బాలికల్లో ముగ్గురిలో ఒకరికి తమ సంస్థదే అయిన ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను పెంచుతోందని సంస్థ సొంత పరిశోధకులే రాసుకున్నారు. వాళ్లకు తెలుసు. మనకే ఆలస్యంగా తెలిసింది. నార్వేలో 2022 జులై నుంచి, ప్రకటనల్లో శరీరాన్ని మార్చి చూపిన ఫోటోలకు ఆ సంగతి తెలిపే ముద్ర తప్పనిసరి చేశారు. మంచి పనే, కానీ స్నేహితురాలి ఫోటోకు ఏ చట్టమూ ముద్ర వేయలేదు.

ఎసీనా ఒనీల్ అనే ఆస్ట్రేలియా అమ్మాయి 2015లో ఆ ముద్ర తనకు తానే వేసుకుంది. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు, ఇన్‌స్టాగ్రామ్‌లో లక్షల మంది ఫాలోవర్లు. తన పాత ఫోటోలు చాలావరకు తీసేసి, మిగిలినవాటి కింద తాను రాసిన వ్యాఖ్యలు మార్చి, వాటి వెనక ఏం జరిగిందో రాసింది. పొట్ట సన్నగా కనిపించడానికి ఒకే భంగిమలో ఎన్ని ఫోటోలు తీసిందో, ఏ దుస్తులకు డబ్బు తీసుకుందో చెప్పింది. ఆమెను మెచ్చుకున్నవారు, తిట్టినవారు ఇద్దరూ ఉన్నారు. నాకు ముఖ్యంగా అనిపించింది ఏమిటంటే, ఆ ఫోటోల్లో ఆమె ఎంత అసంతృప్తిగా ఉందో అన్ని లక్షల మందిలో ఎవరికీ తెలియలేదు. ఆమె రాస్తేనే తెలిసింది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయను. ఏమీ ఎరగని పెద్దవాళ్లు అనవసరంగా భయపెడుతున్నారని కొందరు శాస్త్రవేత్తలూ అంటారు. ఆధారం లేకుండా అనడం లేదు. 2019లో ఎమీ ఓర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ అనే పరిశోధకులు మూడున్నర లక్షల మందికి పైగా కౌమారుల సమాచారం పరిశీలించారు. పిల్లల క్షేమంలో కనిపించే తేడాల్లో డిజిటల్ సాధనాల వాడకం వివరించగలిగేది గరిష్ఠంగా 0.4 శాతమే అని తేల్చారు. మరోవైపు అమెరికాలో ప్రజారోగ్య వ్యవహారాలు చూసే ప్రధాన వైద్యాధికారి, అప్పటి సర్జన్ జనరల్ వివేక్ మూర్తి 2023లో ఇచ్చిన హెచ్చరికలో, రోజుకు మూడు గంటలకు మించి సోషల్ మీడియాలో గడిపే కౌమారులకు కుంగుబాటు, ఆందోళన లక్షణాల ముప్పు రెండింతలని ఉంది. రెండూ చదివిన నాకు తోచేది ఇది. సగటులో కనపడని బాధ సగటులో కలిసిపోయిందే తప్ప మాయం కాలేదు. ఒకరికి ఫోను ఊరట, ఒకరికి కాలక్షేపం, ఒకరికి ఊపిరాడని స్థితి. ముగ్గురినీ కలిపి లెక్క వేస్తే చిన్న అంకె వస్తుంది. నా ఎదురుగా వచ్చి కూర్చునేది ఆ మూడో మనిషి. ఎన్ని గంటలు చూశావన్న ప్రశ్న కంటే, ఆ గంటల్లో ఏం చేశావు, ఎవరితో పోల్చుకున్నావు, ఏం దాచుకున్నావు అన్నవి నాకు ముఖ్యం.

అయితే సమయం తగ్గిస్తే మేలు జరగదా? జరుగుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 2018లో 143 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగంలో ఒక వర్గాన్ని మూడు వారాలపాటు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కొక్కటీ రోజుకు పది నిమిషాలకే పరిమితం చేయమన్నారు. వాళ్లలో ఒంటరితనం, కుంగుబాటు తగ్గాయి. గమనించండి, పూర్తిగా మానేయమనలేదు. లైకుల సంఖ్య కనిపించకుండా చేసుకునే వీలు ఇన్‌స్టాగ్రామ్ 2021లో అందరికీ ఇచ్చింది, వాడుకోండి. ఎవరి పోస్టు చూసినప్పుడల్లా మనసు ముడుచుకుంటుందో వాళ్లను మ్యూట్ చేయండి, వాళ్లకు తెలియదు, స్నేహం చెడదు. పరీక్షలు, ఫలితాల రోజుల్లో ఫోను వేరే గదిలో పెట్టండి. ఇవన్నీ మంచి ఉపాయాలే, కానీ పైపైన పని చేసేవి.

అసలు చేయాల్సింది ఒకటుంది. మీ నిజ పరిస్థితి పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలి. ఒక్కరు చాలు. మార్కులు తగ్గాయని, డబ్బు లేదని, స్నేహం చెడిందని, నిద్ర పట్టడం లేదని, ఏది ఉంటే అది. ఆ మనిషి ముందు మీకు ఫిల్టర్ ఉండకూడదు. అమ్మ కావచ్చు, అన్న కావచ్చు, స్నేహితుడు, ఉపాధ్యాయురాలు, కౌన్సెలర్, ఎవరైనా కావచ్చు. అలాంటి మనిషి ఉన్నవారు ఎన్ని ఫోటోలు పెట్టినా నాకు పెద్ద బెంగ లేదు. లేనివారు ఒక్క ఫోటో పెట్టకపోయినా బెంగే.

నేను ఇందాక చెప్పిన అమ్మాయి మొదట చెప్పుకుంది తన చెల్లెలికి. ఇంట్లో చెప్పేటప్పుడు చెల్లెలు పక్కన కూర్చుంది. నాన్నగారు ఆ రాత్రి అన్నం తినలేదట. మరునాడు కాలేజీకి వచ్చి ఉపాధ్యాయులతో మాట్లాడారు. తర్వాత ఆమె తప్పిన సబ్జెక్టులు మళ్లీ రాసింది, ఒకటి గట్టెక్కింది, రెండోది ఇంకా ఉంది. ఆ ఖాతా ఇప్పటికీ ఉంది. బల్ల ఫోటోలు మాత్రం పెట్టడం లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. పిల్లల మార్కుల కాగితం ఫోటో తీసి బంధువుల గ్రూపుల్లో పెట్టేది ఎవరు? మెడల్ వేసుకున్న ఫోటో స్టేటస్‌లో పెట్టి, సాయంత్రం ఎంతమంది చూశారో లెక్కపెట్టేది ఎవరు? మార్కులు తగ్గిన ఏడాది ఆ గ్రూపులో మీరు మౌనంగా ఉంటారు. ఆ మౌనం పిల్లలకు బాగా వినపడుతుంది. గెలిస్తేనే చూపించదగ్గ బిడ్డని అని వాళ్లు ఇంట్లోనే నేర్చుకుని, ఆ పాఠాన్ని ఫోనులో అప్పజెబుతున్నారు. ఫోటో పెట్టేముందు బిడ్డను అడగండి. వద్దంటే ఆపండి.

ఉపాధ్యాయులకు చిన్న విన్నపం. మీరు చదువుకునే రోజుల్లో ఏ పాఠం మీకు కొరకరాని కొయ్యగా ఉండేదో, ఏ పరీక్షలో దెబ్బ తిన్నారో తరగతిలో చెప్పండి. అయిదు నిమిషాలు చాలు. వెనక బెంచీలో ఎవరికో ఊపిరి తిరుగుతుంది.

ఇక ప్రశ్నలు అడగండి.

ఒక విద్యార్థి: సంతోషం పంచుకోవడం కూడా తప్పేనా? నాకు బహుమతి వస్తే నేను పెట్టకూడదా?

తప్పకుండా పెట్టండి. కష్టపడి సాధించారు, నలుగురూ మెచ్చుకోవాలని ఉంటుంది, అది సహజం. పెట్టేముందు ఒక్క పరీక్ష చేసుకోండి. దీన్ని ఎవరూ చూడకపోయినా నాకు ఈ సంతోషం మిగులుతుందా? మిగులుతుందంటే అది పంచుకోవడమే. మిగలదంటే, మీకు కావలసింది లైకు కాదు, ఇంకేదో ఉంది. అదేమిటో వెతకండి. బహుమతి వెనక ఎన్నిసార్లు ఓడారో కూడా రెండు వాక్యాలు రాయగలిగితే, చదివిన వాళ్లలో ఒకరిద్దరు మీకు విడిగా సందేశం పంపుతారు. ఆ సందేశాలు లైకుల కంటే చాలా కాలం గుర్తుంటాయి.

ఒక తల్లి: మా అబ్బాయి ఫోను తీసేసుకున్నాం. అప్పటి నుంచి మాతో మాట్లాడటం లేదు. ఆస్ట్రేలియాలో పిల్లలకు నిషేధించారట కదా, మేం చేసింది సరైనదే కదా?

అమ్మా, ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు పెద్ద పెద్ద సోషల్ మీడియా వేదికల్లో ఖాతాలు ఉండకూడదన్న నిబంధన అమలవుతోంది. అక్కడ బాధ్యత కంపెనీల మీద పెట్టారు, పిల్లలను శిక్షించడం లేదు. అదే చూడాల్సింది. మీ అబ్బాయి వయసు, పరిస్థితి నాకు తెలియవు. కానీ ఫోను తీసుకున్నప్పుడు వాడి దగ్గర ఉన్న ఒకే ఒక్క కిటికీ మూసేశామేమో చూడండి. దాన్ని మూస్తే ఇంకొకటి తెరవాలి. ఫోను తిరిగి ఇవ్వండి, ఇస్తూ ఏ వేళల్లో వాడాలో ఇద్దరూ కలిసి రాసుకోండి. ఆ నియమం మీకూ వర్తించాలి. భోజనం దగ్గర మీ ఫోనూ ఉండకూడదు. వాడు మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు మొదటి పది నిమిషాలు సలహా ఇవ్వకండి. వినండి.

ఒక విద్యార్థిని: నా స్నేహితుడు ఒకతను రోజూ నవ్వుతూ ఫోటోలు పెడతాడు. కానీ తరగతికి రావడం తగ్గించాడు. ఫోన్ చేస్తే తీయడు. అడిగితే ఏమనుకుంటాడో అని భయం.

ఈ ప్రశ్న అడిగినందుకు మీకు నమస్కారం. ఫోటోలను పక్కన పెట్టండి, మీరు చెప్పిన మిగతా రెండు సంగతులూ అసలైనవి. తరగతికి రావడం లేదు, ఫోన్ తీయడం లేదు. నిద్ర, తిండి మారడం, ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం, తన వస్తువులు ఎవరికో ఇచ్చేయడం, "నేను లేకపోతే మీకే మంచిది" లాంటి మాటలు, ఇవి కూడా గమనించాలి. మెసేజ్ పెట్టకండి, వెళ్లి కలవండి. "నీ పోస్టులు చూస్తే బాగున్నావనుకున్నాను" అనకండి, ఆ మాట అతన్ని మళ్లీ నటించమంటుంది. "నువ్వు తరగతికి రావడం లేదు, నాకు బెంగగా ఉంది" అనండి. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగవచ్చు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదని పరిశోధనలు చెబుతున్నాయి, అడిగితే చాలామందికి ఊరట కలుగుతుంది. అవునంటే అతన్ని ఒంటరిగా వదలకండి, వెంటనే ఇంట్లో పెద్దవాళ్లకో, ఉపాధ్యాయులకో, డాక్టరుకో చెప్పండి. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నా సరే, ఆ ఒట్టు నిలబెట్టుకోకండి. కోపం వస్తే రానివ్వండి, తర్వాత తీరుతుంది. రేపటి దాకా ఆగకండి, ఈ రోజే వెళ్లండి. ఒంటరిగా వెళ్లడానికి జంకుగా ఉంటే సభ అయ్యాక ఇక్కడే ఉండండి, ముందు ఇద్దరం కలిసి వాళ్ల ఇంటికి ఫోన్ చేద్దాం.